సీఎన్‌సీ లేత్‌లో టూల్‌పాత్ తేడా కొడితే ఎక్కడ దిద్దాలి: ఆఫ్‌సెట్‌లోనా, కోడ్‌లోనా, క్యామ్‌లోనా?

మొన్న మా షాపులో ఎస్ఎస్ 316 (స్టెయిన్‌లెస్ స్టీలు) స్లీవ్‌లు పన్నెండు పడ్డాయి, పంపు షాఫ్ట్ మీద ఎక్కేవి. మొదటి పీసు దించి చూస్తే బయట డయా కరెక్టు, బోరు కరెక్టు, పొడవు కరెక్టు, కానీ ముందు అంచున ఒక మిల్లీ 45 డిగ్రీల చాంఫర్ (ఏటవాలుగా కోసిన అంచు) ఉండాల్సింది సగమే వచ్చింది. మా కుర్రాడు వెంటనే "అన్నయ్యా, చాంఫర్ చిన్నదొచ్చింది, ఎక్స్‌లో కొంచెం వేర్ ఏసీమంటారేటి?" అన్నాడు. ఎక్స్ అంటే డయా దిక్కు, వేర్ అంటే టూల్ అరుగుదలకి సరిచేసే నంబర్; అది వేసుంటే చాంఫర్ అక్కడే ఉండేది, డయా మాత్రం పోయేది, పన్నెండు ముక్కల 316 రాడ్డు స్క్రాప్‌లోకి వెళ్ళేది. వాడిని తప్పు పట్టను, ఎందుకంటే రాయగడలో గానీ, పార్వతీపురం బొబ్బిలి వైపు గానీ, కొరాపుట్ జయపురం వైపు గానీ చిన్న షాపుల్లో అందరూ నేర్చుకున్న మొదటి మందు అదే, ఏ తేడా వచ్చినా ఆఫ్‌సెట్ పేజీ (టూల్ కొలతల తేడాలు మెషిన్‌కి చెప్పే పేజీ) తెరవడం.

నా మాట ఏంటంటే, టూల్‌పాత్ (టూల్ నడిచే దారి) తప్పుని దిద్దడానికి ఐదు చోట్లు ఉన్నాయి: మెషిన్ మీద ఆఫ్‌సెట్, జీ కోడ్‌లో (మెషిన్ చదివే ప్రోగ్రాం) చేత్తో మార్చడం, క్యామ్‌లో (డ్రాయింగ్ నుంచి కోడ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఆపరేషన్ మార్చి మళ్ళీ పోస్ట్ చెయ్యడం, అంటే కోడ్ కొత్తగా తీయడం, పోస్ట్ ప్రాసెసర్‌నే (క్యామ్ లెక్కని మీ మెషిన్ భాషలోకి మార్చే ఫైలు) సరిచెయ్యడం, లేదా ఈ జాబుకి క్యామ్ వద్దనుకుని జీ71తో (ముతక కోతలన్నీ మెషినే లెక్కకట్టే సైకిల్) చేత్తో రాసుకోవడం. వీటిలో ఏది ఎంచుకోవాలన్నది ఏది తొందరగా అవుతుందన్న దాన్ని బట్టి కాదు, తప్పు ఎక్కడ పుట్టిందన్న దాన్ని బట్టి, ఆ జాబు మళ్ళీ వస్తుందా రాదా అన్న దాన్ని బట్టి ఉండాలి. మా దగ్గర సగం పని విరిగిపోయిన శాంపిల్ పట్టుకొచ్చి "ఇలాంటిదే ఒకటి సాయంత్రానికి కావాలి" అనేది, మిగతా సగం మూడు నెలలకోసారి తిరిగొచ్చే స్లీవ్‌లు, బుష్‌లు, కన్వేయర్ షాఫ్ట్‌లు. రెండింటికీ ఒకే మందు పనిచెయ్యదు.

ముందు పీసుని చదవండి, స్క్రీన్‌ని కాదు

డయా అన్నిచోట్లా ఒకేలా తేడా ఉంటే అది ఒక రకం. 40 ఉండాల్సింది 40.06, 52 ఉండాల్సింది 52.06 వస్తే టూల్‌పాత్‌లో తప్పేమీ లేదు, టూల్ అరిగింది లేదా టచాఫ్ (టూల్‌ని జాబుకి తాకించి కొలత తీసుకోవడం) సరిగా పడలేదు, వేర్ వేసుకోండి, అయిపోయింది.

అదే తేడా సరిగ్గా 1.6 మిల్లీ ఉందనుకోండి, అంటే బయట డయా 1.6 ఎక్కువ, ఫేసు మీద 0.8 మిగిలింది, బోరు 1.6 తక్కువ, అప్పుడు మైక్రోమీటర్ పక్కన పెట్టి ఇన్సర్ట్ (హోల్డర్‌లో బిగించే కోసే ముక్క) పెట్టె మీద నంబర్ చూడండి. సీఎన్ఎంజీ 120408 అని ఉంటుంది, ఆ చివరి 08 అంటే నోస్ రేడియస్ (ఇన్సర్ట్ కొన గుండ్రదనం) 0.8. క్యామ్ నోస్ మధ్య బిందువుకి లెక్క కట్టి కోడ్ ఇచ్చింది, మీరు మెషిన్ మీద టూల్ అంచుని తాకించి ఆఫ్‌సెట్ తీసుకున్నారు, రెండింటికీ మధ్య అటు 0.8 ఇటు 0.8. దీన్ని ఆఫ్‌సెట్‌లో 1.6 వేసి కప్పెయ్యొచ్చు, నేరు డయా వస్తుంది కూడా, కానీ ఆ స్టేషన్లోనే (టూల్స్ మోసే టర్రెట్‌లోని అదే స్థానంలో) నడిచే వేరే ప్రోగ్రాం, చేత్తో రాసుకున్నదో పాతదో, రేపు 1.6 లోతుకి దిగుతుంది. కాబట్టి ఇది క్యామ్‌లో టూల్ లైబ్రరీలోనే దిద్దాలి, అక్కడ టూల్‌ని దేని బట్టి నడపాలి అన్న చోట నోస్ సెంటర్ తీసి టిప్ పెట్టాలి.

నేరుగా ఉన్న డయాలు, ఫేసులు అన్నీ కరెక్టుగా ఉండి చాంఫర్లు, టేపర్లు, రేడియస్‌లు మాత్రమే తేడా వస్తే అది దాదాపు ఎప్పుడూ నోస్ రేడియస్ కాంపెన్సేషన్ (కొన గుండ్రదనాన్ని లెక్కలో సరిచెయ్యడం) గొడవే. దీనికి లెక్క కూడా ఉంది. 45 డిగ్రీల చాంఫర్ కాంపెన్సేషన్ లేకుండా తిరిగితే చాంఫర్ కాలు నోస్ రేడియస్‌కి 0.586 వంతు తగ్గుతుంది, 0.8 నోస్ అయితే దాదాపు 0.47, అంటే ఒక మిల్లీ చాంఫర్ 0.53 దగ్గర ఆగుతుంది. మా స్లీవ్ మీద సగమే కనపడిందన్నానే, ఆ సగం సరిగ్గా ఇదే. మూలల్లో రేడియస్ కూడా అంతే, బయటికి ఉబ్బిన మూల ఆర్3 ఉంటే ఆర్2.2 వస్తుంది, లోపలికి తిరిగిన ఫిల్లెట్ ఆర్3 ఉంటే ఆర్3.8 వస్తుంది. రేడియస్ గేజ్ పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది, కంప్యూటర్ దగ్గర కూర్చుని గంట సిమ్యులేషన్ తిప్పక్కర్లేదు.

ఫేసు మధ్యలో చిన్న మొటిమ మిగులుతుంది చూడండి, అది కూడా రెండు రకాలు, దాని ఆకారం చూసి మందు వెయ్యాలి. మొటిమ పక్కలు వంపు తిరిగి ఉంటే టూల్‌పాత్ ఎక్స్ సున్నా దగ్గరే ఆగిపోయింది, 0.8 నోస్ అయితే ఎక్స్ మైనస్ 1.6 దాకా వెళ్ళాలి, అది క్యామ్‌లో ఫేసింగ్ ఆపరేషన్‌లో పెంచుకోవాలి. మొటిమ నిలువుగా చిన్న స్థంభంలా ఉంటే టూల్ సెంటర్ కంటే కిందుంది, దాని డయాలో సగం ఎంతో హైట్ అంత తక్కువ ఉన్నట్టు, హోల్డర్ కింద షిమ్ పెట్టాలి, క్యామ్‌లో ఏం చేసినా పోదు.

షాఫ్ట్ ఒక కొసన 45.00, ఇంకో కొసన 45.04 వస్తే కొంతమంది క్యామ్‌లో లైనుని ఎదురు టేపర్‌గా గీస్తారు, ఆ పీసు వరకు బాగానే వస్తుంది, కానీ దయచేసి ఆ పని చెయ్యొద్దు. టెయిల్‌స్టాక్ (రాడ్డు రెండో కొసని ఆపి పట్టేది) లైను తప్పింది, లేదా సపోర్ట్ లేకుండా పొడవాటి రాడ్డు వంగుతోంది. పొడవు డయాకి నాలుగైదు రెట్లు దాటితే టెయిల్‌స్టాక్ ఉండాలి, పది రెట్లు దాటితే స్టెడీ (రాడ్డుని మధ్యలో పట్టే ఆధారం) గురించి ఆలోచించాలి. బోరింగ్ బార్ అయితే స్టీల్ బార్ డయాకి నాలుగు రెట్ల కంటే బయటికి పెడితే బోరులో అలలు పడతాయి, వాటికి టూల్‌పాత్‌లో మందు లేదు.

ఆఫ్‌సెట్ పేజీ vs కోడ్‌లో చేత్తో మార్చడం

ఆఫ్‌సెట్ గురించి ఇంతే, అరుగుదలకి వాడండి, తప్పులు కప్పడానికి వాడొద్దు. వేర్ కాలమ్‌లో 0.3 కంటే పెద్ద నంబర్ కనపడితే మా దగ్గర ఆగి, ఎందుకొచ్చింది అని అడుగుతాం.

కోడ్‌లో చేత్తో మార్చడం చెడ్డదని చాలామంది అంటారు, నేను అనను. ఒకే ఒక్క పీసు, పేపర్ మిల్లు వాళ్ళ బండి గేటు దగ్గర ఆగి ఉంది, ఫీడ్ (ఒక చుట్టుకి టూల్ జరిగే దూరం) 0.25 ఉంది, అది ఎక్కువై గీతలు పడుతున్నాయి, అలాంటప్పుడు ఎఫ్ 0.15 కొట్టి సైకిల్ స్టార్ట్ నొక్కడమే సరైన పని. ఫీడు, స్పీడు, కూలెంట్, వెనక్కి వచ్చే దూరం, జీ50తో మాక్స్ ఆర్‌పీఎం, వీటిని మెషిన్ మీద మార్చొచ్చు. కానీ ఎక్స్, జెడ్ (పొడవు దిక్కు) నంబర్లు, ఆర్క్ లైన్లు, జీ41 జీ42 (నోస్ కాంపెన్సేషన్ ఆన్ చేసే కోడ్‌లు) ఉన్న లైన్లు మాత్రం ముట్టుకోకండి, ఎందుకంటే అక్కడ ఒక లైను మారిస్తే ముందు లైను వెనక లైను రెండూ దానికి కలవాలి. ఇంకో సంగతి, మెషిన్ మీద మార్చింది కంప్యూటర్లో ఉన్న ఫైలుకి తెలీదు, మూడు నెలల తర్వాత అదే జాబు మళ్ళీ పోస్ట్ చేస్తే పాత తప్పు తిరిగొస్తుంది, అప్పటికి మార్చిన కుర్రాడు వైజాగ్‌లో ఇంకో కంపెనీలో ఉంటాడు. అందుకని మా దగ్గర నియమం ఒకటే, తిరిగొచ్చే జాబు అయితే మెషిన్ మీద మార్చింది ఆరోజు సాయంత్రమే క్యామ్‌లో కూడా మార్చి మళ్ళీ పోస్ట్ చేసి పెట్టాలి, ఒక్క పీసు జాబు అయితే అక్కర్లేదు.

క్యామ్‌లో దిద్దాల్సినవి

ఇక్కడ ఎక్కువ చెప్తాను, ఎందుకంటే కొత్తగా నేర్చుకునేవాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో బగ్ అనుకునేవి తొంభై పాళ్ళు ఇక్కడే ఉంటాయి.

మొదటిది, టూల్‌పాత్ గాడిలోకి దిగదు, భుజం వెనకాల మెటీరియల్ వదిలేస్తుంది. సీఎన్ఎంజీ ఇన్సర్ట్ 80 డిగ్రీలు, హోల్డర్ 95 డిగ్రీలు, మిగిలింది 5 డిగ్రీలే, అంటే వెనక్కి వాలే ఏ ఆకారంలోకీ అది దిగలేదు, దిగితే ఇన్సర్ట్ వెనక భాగం జాబుకి రాసుకుంటుంది. క్యామ్‌కి అది తెలుసు కాబట్టే వదిలేసింది. డీఎన్ఎంజీ 55 డిగ్రీలు 93 హోల్డర్‌లో అయితే 32 మిగులుతుంది, వీఎన్ఎంజీ 35 డిగ్రీలు అయితే 52. కొందరు ఏం చేస్తారంటే, సీఎన్ఎంజీ ఉన్న చోట లైబ్రరీలో ఇన్సర్ట్ కోణం మార్చేసి బలవంతంగా దింపుతారు, సిమ్యులేషన్‌లో పచ్చగా బాగానే కనపడుతుంది, మెషిన్ మీద కీచుమని అరుస్తుంది. నా సలహా, రఫింగ్ (ముతక కోత) సీఎన్ఎంజీతో చేసి, మిగిలింది డీఎన్ఎంజీతో తీయండి, ఒక టూలు ఎక్కువైనా ఫర్వాలేదు. వీఎన్ఎంజీ సన్నని ముక్కు, లోతైన గాడికి తప్ప దానితో రఫింగ్ పెట్టొద్దు, కొన విరుగుతుంది. పూర్తి నిలువు గోడల అండర్‌కట్ అయితే ఈ మూడూ వద్దు, గ్రూవింగ్ టూలే.

రెండోది స్టాక్ సైజు. నేను ఒకసారి టర్రెట్ గుద్దించింది దీనివల్లే. నల్ల రాడ్డు ఈఎన్8 స్టీలు, బిల్లులో 65 అని ఉంది, నేను వెర్నియర్ పెట్టకుండా క్యామ్‌లో 62 అని పాత జాబు స్టాకే ఉంచేశాను, క్లియరెన్స్ 64 దగ్గర పెట్టి టూల్ రాపిడ్‌లో (కోత లేనప్పుడు కదిలే పూర్తి వేగం) జెడ్ మీద లోపలికి వచ్చింది. నల్ల రాడ్డు 65 అంటే సరిగ్గా 65 ఉండదు, పొక్కుతో కలిపి అది 66 దగ్గరుంది. పక్కకి ఒక మిల్లీ, రాపిడ్ స్పీడులో. ఇన్సర్ట్ పగలడం కంటే హోల్డర్ వంగిన చప్పుడే ఇప్పటికీ చెవిలో ఉంది, రాడ్డు జా నుంచి జారి చక్‌లో అడ్డంగా తిరిగింది, తలుపు మూసి ఉంది కాబట్టి ఎవరికీ ఏం కాలేదు. అప్పటి నుంచి బ్రైట్ బార్ అయితే సైజుకి ఒక మిల్లీ, నల్ల రాడ్డు అయితే మూడు మిల్లీ కలిపి క్యామ్‌లో స్టాక్ పెడతాను, మొదట్లో కాసేపు గాలిలో కట్ అవుతుంది, అవ్వనీ. చక్ జాలు కూడా మోడల్‌లో గీసుకోండి, లేకపోతే జెడ్ వెనక హద్దు చేత్తో పెట్టండి.

మూడోది ఫినిషింగ్ అలవెన్స్, అంటే చివరి పాస్‌కి వదిలే మెటీరియల్. 0.8 నోస్ పెట్టి ఫినిషింగ్‌కి 0.1 వదిలితే 316 కోసుకోదు, రుద్దుకుంటుంది, పొడవాటి తీగల చిప్పు వచ్చి జాబు చుట్టూ గూడు కట్టుకుంటుంది. నోస్ రేడియస్‌లో సగమైనా లోతు ఉండాలి. నునుపు కావాలంటే ఫీడు తగ్గించండి, ఫీడు స్క్వేర్ చేసి నోస్ రేడియస్‌కి ఎనిమిది రెట్లతో భాగిస్తే గీత లోతు వస్తుంది, 0.2 ఫీడు 0.8 నోస్ అయితే దాదాపు 6 మైక్రాన్లు, అదే ఫీడు 0.4 నోస్‌తో అయితే 12 దాటుతుంది.

కాంపెన్సేషన్ కంప్యూటర్‌లోనా కంట్రోల్‌లోనా?

ఇదే అందరూ అడిగేది, మా ప్రాంతానికి దీని జవాబు పెద్ద ఊళ్ళకి వేరుగా ఉంటుందని నా నమ్మకం. కంప్యూటర్‌లో అంటే క్యామ్ నోస్ రేడియస్ లెక్కంతా తనే కట్టి ఇచ్చేస్తుంది, కోడ్‌లో జీ41 జీ42 ఉండవు, అలారాలు రావు, ఆపరేటర్ మర్చిపోడానికి ఏమీ ఉండదు. కంట్రోల్‌లో అంటే క్యామ్ డ్రాయింగ్ గీతనే ఇస్తుంది, మెషిన్ ఆఫ్‌సెట్ పేజీలో ఆర్ కాలమ్ (నోస్ రేడియస్), టీ కాలమ్ (టూల్ కొన ఎటు చూస్తుందో చెప్పే నంబర్) చూసి లెక్క కడుతుంది. బయట టర్నింగ్‌కి వెనక టర్రెట్ మెషిన్ మీద టీ 3, బోరింగ్‌కి టీ 2.

మొదటిదే సుఖం కదా అనిపిస్తుంది. కానీ మాకు ఇన్సర్ట్‌లు వైజాగ్ నుంచి రావాలి, 08 అయిపోయి 04 మాత్రమే పెట్టెలో ఉన్న రోజులు వస్తాయి. కంప్యూటర్‌లో 0.8కి లెక్క కట్టిన కోడ్ మీద 0.4 ఇన్సర్ట్ పెట్టి తిప్పితే ఒక మిల్లీ చాంఫర్ 1.23 అవుతుంది, రేడియస్‌లన్నీ తేడా కొడతాయి, మళ్ళీ పోస్ట్ చెయ్యాలంటే కంప్యూటర్ తాళం నా దగ్గర, నేను గుణుపూర్‌లో. అదే కంట్రోల్‌లో ఉంటే ఆపరేటర్ ఆర్ కాలమ్‌లో 0.8 తీసి 0.4 కొడతాడు, అంతే. అందుకని రఫింగ్ కంప్యూటర్‌లో, ఫినిషింగ్ కంట్రోల్‌లో, ఇది మా షాపు పద్ధతి. ఒక్క పీసు జాబు అయితే, టేపరు రేడియస్ లేని నేరు బుష్ అయితే, రెండూ కంప్యూటర్‌లోనే.

కంట్రోల్ ఎంచుకుంటే దాని బాధ్యతలు ఉన్నాయి. జీ42 మొదలయ్యే లైను నేరు గీత అవ్వాలి, ఆర్క్ మీద మొదలుపెడితే ఫానక్ కంపెనీ కంట్రోల్‌లో 34 అలారం వస్తుంది. ఆ ప్రవేశ గీత నోస్ రేడియస్ కంటే పొడవుండాలి. లోపలి ఫిల్లెట్ నోస్ రేడియస్ కంటే చిన్నదైతే, అంటే ఆర్0.5 మూలలో 0.8 ఇన్సర్ట్ అయితే, 41 అలారం, అక్కడ ఇన్సర్ట్ మార్చడమే దారి. ఇంక వేర్ అనే మూడో పద్ధతి కొన్ని క్యామ్‌లలో ఉంటుంది, అందులో క్యామ్ లెక్క కట్టి జీ42 కూడా ఇస్తుంది, అప్పుడు ఆర్ కాలమ్‌లో సున్నా ఉండాలి. అక్కడ 0.8 కొడితే లెక్క రెండుసార్లు పడుతుంది. మీ షాపులో కంట్రోల్, వేర్ ఈ రెండు పద్ధతులూ కలిపి వాడొద్దు, ఏదో ఒకటి పట్టుకోండి.

పోస్ట్‌ని ముట్టుకోవాలా?

ప్రతి జాబులోనూ అదే తప్పు వస్తే మాత్రమే. ఏ ఆర్క్ వచ్చినా 20 అలారం, అంటే ఆర్క్ మొదలు రేడియస్ చివరి రేడియస్ కలవట్లేదు, పోస్ట్ ఐ విలువని (ఆర్క్ మధ్య బిందువు ఎక్స్ దిక్కులో ఎంత దూరమో చెప్పేది) డయాలో ఇస్తోందేమో చూడండి, ఎక్స్ డయాలో ఉన్నా ఐ ఎప్పుడూ రేడియస్ లెక్కే. ప్రతి ఉబ్బు మూలా గుంటగా వస్తే జీ02 జీ03 తారుమారు. జీ96 (డయా తగ్గేకొద్దీ ఆర్‌పీఎం పెంచే కోడ్) ఉండి జీ50 లేకపోతే అసలు తిప్పొద్దు, నిమిషానికి 180 మీటర్ల కటింగ్ స్పీడుతో ఫేసింగ్ చేస్తుంటే 10 మిల్లీ డయా దగ్గరికి వచ్చేసరికి 5700 ఆర్‌పీఎం దాటమంటుంది, ఎనిమిది అంగుళాల చక్‌లో వంకర కాస్టింగ్ ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకొకటి మా వానాకాలం కోసం. కరెంటు మధ్యలో పోయి వస్తే మూడో టూలు దగ్గర నుంచి మొదలెట్టాలి, అందుకని ప్రతి టూలు మొదట్లో టూల్ నంబర్, జీ50, జీ96, స్పిండిల్ ఆన్, కూలెంట్ అన్నీ మళ్ళీ రావాలి. మీ పోస్ట్ మొదటి టూలుకే ఇస్తుంటే దాన్ని మార్పించండి, డబ్బులిచ్చి అయినా సరే. పాత పోస్ట్ ఫైలు వేరే పేరుతో దాచి, ఒక్క మార్పు చేసి, బాగా తెలిసిన జాబు మీద సింగిల్ బ్లాక్‌లో తిప్పి చూసి, ఆ తర్వాతే రెండో మార్పు.

క్యామ్ vs జీ71

నాలుగు స్టెప్పుల షాఫ్ట్‌కి క్యామ్ తెరవడం నాకు నచ్చదు. జీ71తో రఫింగ్, జీ70తో ఫినిషింగ్, ఆకారం పది పన్నెండు లైన్లు, ఆపరేటర్ చదివి అర్థం చేసుకోగలడు, తేడా వస్తే అక్కడే కనపడుతుంది. క్యామ్ ఇచ్చే వందల లైన్లలో ఏ పాస్ ఏదో ఎవరికీ అర్థం కాదు. జీ71లో ఒక చోట మాత్రం జాగ్రత్త, మొదటి లైనులో యూ 2.0 అంటే ఒక వైపు లోతు, డయా మీద 4 తగ్గుతుంది, రెండో లైనులో యూ 0.5 అంటే డయా మీద వదిలే ఫినిషింగ్. ఆకారం ఒకే దిక్కున పెరుగుతూ పోవాలి, మధ్యలో లోయ ఉంటే టైప్ 2 జీ71 ఉన్న కంట్రోల్ కావాలి, ఆకారం మొదటి లైనులో ఎక్స్ జెడ్ రెండూ రాయాలి. చాలా ఫానక్ కంట్రోళ్ళు జీ71 నడిచేటప్పుడు జీ42ని పట్టించుకోవు, జీ70లోనే పట్టించుకుంటాయి, కాబట్టి టేపర్ల మీద ఫినిషింగ్‌కి అనుకున్నదానికంటే ఎక్కువ మిగులుతుంది, కంగారు పడకండి.

లోయలు, కలిసిన ఆర్క్‌లు, విరిగిన శాంపిల్ కొలిచి గీసిన వంపు ఆకారాలు ఉంటే క్యామే. మాన్యువల్ గైడ్ ఐ, షాప్‌టర్న్ లాంటివి (స్క్రీన్ మీద కొలతలడిగి ప్రోగ్రాం తయారుచేసేవి) మెషిన్ మీద ఉన్నవాళ్ళకి ఈ రెండింటికీ మధ్యలో మంచి దారి ఉంది. ఫ్యూజన్ అనే క్యామ్ సాఫ్ట్‌వేర్ సొంత వాడకానికి ఇచ్చే ఉచిత లైసెన్సు నేర్చుకోడానికి మంచిదే, కానీ 2020 నుంచి అందులో రాపిడ్ కదలికలు ఫీడులోనే వస్తాయి, టూల్ మారే కోడ్ రాదు, పైగా అది వ్యాపారానికి కాదు, షాపు దాని మీద నడపాలనుకోవద్దు.

ఇంతకీ స్లీవ్‌ల సంగతి. ఫినిషింగ్ కంట్రోల్‌లోనే ఉంది, కోడ్‌లో జీ42 ఉంది, క్యామ్ కరెక్టు, పోస్ట్ కరెక్టు. ముందురోజు ఆ హోల్డర్‌ని 2వ స్టేషన్ నుంచి 6కి మార్చారు, ఎక్స్ జెడ్ టచాఫ్ తీసుకున్నారు, ఆర్ దగ్గర సున్నా, టీ దగ్గర సున్నా అలాగే ఉండిపోయాయి. ఆర్ 0.8, టీ 3 కొట్టాక రెండో పీసు చాంఫర్ ఒక మిల్లీ వచ్చింది. ఇప్పుడు సెటప్ షీట్‌లో ప్రతి టూలు పక్కన ఆర్, టీ గడులు గీశాం, తెలుగులో ఒక లైను, ఒడియాలో ఒక లైను, హోల్డర్ కదిపినవాళ్ళే ఆ గడి నింపి సంతకం పెట్టాలి.